పఖాళ కుడి కన్ను

గేట్ బజార్‌లో అపరాల కొట్ల వెనక సందులో ఎవరి కంట్లో ఏ నలుసు పడ్డా డాక్టరు గుమ్మం ఎక్కేవారు కాదు. వాసవీకుమారి గుమ్మం ఎక్కేవారు. మిరప బస్తాలు మోసే కూలీలు, ఆటోవాళ్ళు, కాలేజీ అమ్మాయిలు, ఎదుటి బట్టల కొట్టు గుమాస్తాలు, ఒక కన్ను చేత్తో మూసుకుని రెండో కంటితో దారి వెతుక్కుంటూ వచ్చి ఆవిడ అరుగు మీద కూర్చునేవారు. ఆవిడ లోపల చేస్తున్న పని ఎక్కడిదక్కడ వదిలేసి వచ్చి, ముందు నాలుగు తిట్లు తిట్టి, ఆ తర్వాత కొంగు తీసేది.

ఆ తీయడంలోనే ఒక దర్జా ఉండేది. నూలు చీర కొంగు చివర్ని నాలుగు మడతలు వేసి, గుప్పిట్లో ఉండలా పట్టుకుని, పెదాలకు ఆనించి గట్టిగా ఊదేది. ఆ వెచ్చదనం ఆరిపోకముందే దాన్ని కంటిమీద పెట్టి అరచేత్తో మెల్లిగా ఒత్తేది. అలా మూడుసార్లు. అంతే వైద్యం. తెలుగువాళ్ళ ఇళ్ళల్లో ప్రతి తల్లీ చేసేదే కదా, ఇందులో ఏముంది అంటారేమో. ఏముందో నాకూ తెలియదు. ఆవిడ ఊపిరిలో వక్కపొడి వాసనా, ఆ చేతిలో మెత్తదనమూ, ఆ తిట్లూ కలిసి ఏం చేసేవో గాని, ఏడుస్తూ వచ్చినవాళ్ళు నవ్వుతూ దిగిపోయేవారు.

పట్టు చీరలకు పేరు పడ్డ బరంపురంలో పుట్టి, అక్కడే కోడలై, బీరువా నిండా పట్టు చీరలు పెట్టుకుని కూడా ఆవిడ ఇంట్లో నూలు చీరే కట్టేది. పట్టు కొంగులో వేడి నిలవదట. పెళ్ళికి వెళ్ళినా సంచీలో ఒక నూలు తువ్వాలు ఉండాల్సిందే, ఎవరి కంట్లో అక్షింతలు పడతాయో ఏమో అని. భర్త లక్ష్మణరావు అపరాల హోల్‌సేలు వ్యాపారి, నెమ్మదస్తుడు. "నా కొట్టు కంటే నీ అరుగుమీదే రద్దీ ఎక్కువ. బోర్డొకటి రాయించి పెట్టమంటావేటి?" అని ఏడిపించేవాడు. పైకి కసిరినా, ఆ మాటకు ఆవిడ లోపల ఎంత పొంగిపోయేదో ఆ సందులో అందరికీ తెలుసు.

ఇక పఖాళ సంగతి. తిత్లీ తుపాను వచ్చిన ఏడు, గాలీ వానా తగ్గిన మర్నాడు, గోడౌనులో తడిసిన మినుముల బస్తాల మధ్య గుప్పెడంత నల్ల కుక్కపిల్ల ఒకటి కనపడింది. గోడౌను చూసుకునే కాసులు దాన్ని తోక పట్టుకుని బయట పారేయబోతే వాసవీకుమారి వాడి చెయ్యి పట్టుకుంది. పాలు పెడితే ముట్టలేదు. రొట్టె పెడితే వాసన చూసి వదిలేసింది. కాసులు తన కోసం తెచ్చుకున్న గిన్నెలో మూతి పెట్టి, నీళ్ళల్లో నానిన చద్దన్నం, పైన వేసిన ఉల్లిపాయ పక్కకు నెట్టి మరీ, అడుగంటా నాకేసింది. ఆ చద్దన్నాన్ని ఒడియావాళ్ళు పఖాళ అంటారు. కుక్కకు అదే పేరైంది. చలికాలం వచ్చి ఊరంతా వేడన్నం తింటున్నా ఇది మాత్రం చద్దిగిన్నె కోసమే గుమ్మంలో కూర్చునేది.

దానికి రెండేళ్ళప్పుడు గోడౌనులో పిల్లితో తగువు పడి ఎడం కంటికి గోరు దెబ్బ తగిలించుకుంది. వాసవీకుమారి ఊరుకుంటుందా? పదిహేను రోజులు కొంగు కాపడం పెట్టింది. అప్పుడే లక్ష్మణరావుకు ఒక కంటికి శుక్లాల ఆపరేషన్ అయింది. మిగిలిన చుక్కల మందు దేవుడి అరలో దాచి ఉంచింది. పెద్ద డాక్టరు రాసిన మందు, మనిషి కంటికే మంచిదైనప్పుడు కుక్క కంటికి కాదా అని ఆ చుక్కలూ పూటపూటా వేసింది. కన్ను ముందు నీలంగా మారింది, తర్వాత తెల్లబడింది, చివరికి కుంచించుకుపోయింది. పిల్లి గోరులో విషం ఉంటుందని సందులో అందరూ అన్నారు. ఆవిడా అదే నమ్మింది. "ఎంత సేసినా దక్కలేదు" అని తలుచుకున్నప్పుడల్లా కళ్ళు తుడుచుకునేది.

ఒంటి కంటితోనే పఖాళ దర్జాగా బతికింది. ఒక్కటే అలవాటు దానికి. వాసవీకుమారి బజారుకు బయల్దేరితే వెనకా రాదు, ముందూ నడవదు. చుట్టు తిరిగి ఆవిడ కుడిపక్కకు వచ్చి, చూపులేని తన ఎడం పక్కను ఆవిడ కాళ్ళకు ఆనించుకుని నడుస్తుంది. అటువైపు ఏ ఆటో వస్తుందో, ఏ ఎద్దు వస్తుందో దానికి పట్టదు. అది ఆవిడ చూసుకుంటుందని దాని ధీమా.

పోయిన కార్తీకమాసంలో ఒక సోమవారం పొద్దున్న ఆవిడ తులసికోట దగ్గర దీపం పెట్టి వచ్చి, చద్దిగిన్నె తెచ్చి గుమ్మంలో పెట్టింది. పఖాళ రాలేదు. "ఒరేయ్, నాకు ఉపోసం గాని నీక్కాదురా, రా" అని పిలిచింది. అది గోనెసంచుల వెనక చీకట్లోంచి తల వంచుకుని వచ్చింది. గుమ్మంలో ఎండ మొహాన పడగానే వెనక్కి తిరిగిపోయింది.

ఆవిడ వెళ్ళి దవడ పట్టుకుని చూసింది. కుడి కన్ను సగం మూసుకుపోయి ఉంది. నీళ్ళు ధారగా కారి ముక్కు పక్కన నల్ల బొచ్చంతా తడిసిపోయింది. ముక్కు వైపు మూల నుంచి ఎర్రటి పొర ఒకటి కంటిమీదికి పాకినట్టుంది. అది ముందు కాలితో మొహం గోక్కుంటోంది, చాలక గోనెసంచికేసి రాసుకుంటోంది.

ఉన్నదే ఒక్క కన్ను. ఆవిడ గుండె జారిపోయింది. గుండె జారినప్పుడు చెయ్యి ఊరుకోదు కదా, ఆలోచించే లోపలే కొంగు మడత పడింది. ఊది, కంటిమీద పెట్టి, అరచేత్తో ఒత్తింది.

పఖాళ కుయ్యోమని అరిచి, చెయ్యి విదిలించుకుని గోడకు కొట్టుకుంది.

ఏడేళ్ళలో ఆవిడ చేతి కింద అది ఎప్పుడూ అరవలేదు. కాలికి మేకు గుచ్చుకున్నప్పుడూ అరవలేదు, కాసులు పొరపాటున దాని మీద పెసల బస్తా దించినప్పుడూ అరవలేదు. వాసవీకుమారి కొంగు వదిలేసి గబగబా దేవుడి అర దగ్గరికి వెళ్ళింది. లక్ష్మణరావుకు రెండో కంటి ఆపరేషన్ పోయిన నెలలోనే అయింది. చుక్కల సీసాలో ఇంకా సగం మందు ఉంది.

లక్ష్మణరావు కండువా భుజాన వేసుకుని కొట్టుకు బయల్దేరుతున్నవాడు ఆగాడు. "మన నీహారికకి ఓపాలి ఫోను సెయ్యరాదూ? కుక్కల డాక్టరే కదా" అన్నాడు.

"దానికేటి తెలుస్తాదండీ? మూడేళ్ళ గుంటప్పుడు దాని కంట్లో ఇసకపడితే తీసింది నేను."

"అందుకే నీ మాట ఇంటాది. సెయ్యి."

నీహారిక ఆ సందులో ఒకప్పుడు కాపురమున్న జానకీరామయ్య మేష్టారి మనవరాలు. పశువుల డాక్టరు చదివి కొత్త బస్టాండు దారిలో చిన్న క్లినిక్కు పెట్టుకుంది. వాసవీకుమారి ఫోను చేసి సంగతంతా చెప్పింది, కొంగు మాట ఒక్కటి తప్ప.

"కన్ను పూర్తిగా తెరుస్తోందా పిన్నిగారూ?"

"సగం తెరిసి మూసేస్తంది. ఎలుతురు సూడలేకపోతంది."

"గోక్కుంటోందా?"

"గోక్కోడమేటి, సంచికేసి రాసేసుకుంటంది."

"ముందు అది ఆపండి. తువ్వాలు మెడకి దళసరిగా చుట్టండి, కాలు కంటికి అందకూడదు. కంటిమీద ఏదీ ఒత్తకండి. లోపల ఏదైనా కనబడ్డా లాగకండి. దుమ్మో కారమో అయితే మంచినీళ్ళు ధారగా పొయ్యమనేదాన్ని, ఇది అలా లేదు. ఏ మందూ వెయ్యకండి."

"మీ బాబాయిగారి ఆపరేషను సుక్కలున్నాయమ్మా. బోల్డు ఖరీదు. ఒక్క సుక్కేసి తీసుకొచ్చేస్తాను."

"ఇంకా వెయ్యలేదు కదా?"

"ఇంకా లేదు."

"మూత పెట్టేసి సీసా కూడా తెండి. బేగి రండి పిన్నిగారూ, రేపటిదాకా ఆగే పని కాదు."

కాసులు ఆటో పిలిచాడు. పఖాళ మెడకు ముతక తువ్వాలు చుట్టి, ముందు కాళ్ళు రెండూ ఒక చేత్తో పట్టుకుని, ఆవిడ దాన్ని ఒళ్ళో పెట్టుకుంది. ముప్ఫై కిలోల కుక్క. ఉపవాసం కడుపు. దారిలో గతుకు వచ్చిన ప్రతిసారీ ఆటోవాణ్ణి ఒడియాలో ఒకసారీ తెలుగులో ఒకసారీ తిట్టింది, ఏ భాషా వదిలిపెట్టకుండా.

క్లినిక్కులో నీహారిక ముందు కన్ను మొద్దుబార్చే చుక్క వేసింది. కాసేపాగి, ఆ ఎర్రటి పొరను సన్నటి పట్టకారుతో మెల్లిగా ఎత్తింది. లోపల నుంచి బియ్యపు గింజంత ముల్లు ఒకటి లాగి తెల్ల గుడ్డమీద పెట్టింది. గడ్డి ముల్లు. గోడౌను వెనక ఖాళీ జాగాలో మొలిచేదే, చీర కుచ్చిళ్ళకు అంటుకుంటే గంటసేపు కూర్చుని ఏరుకోవాలి.

"ఎలకనో తొండనో తరిమి, మొహం గడ్డిలో పెట్టి ఉంటాది. కుక్కలకి మూడో రెప్పొకటి ఉంటుంది పిన్నిగారూ, అది దాని వెనక దాక్కుంది. రెప్ప వేసిన ప్రతిసారీ కంటిని గీరుతూ ఉంది."

తర్వాత రంగు పూసిన కాగితం ముక్క కంటికి తాకించి, నీళ్ళతో కడిగి, గదిలో దీపం ఆర్పి నీలం లైటు వేసింది. పఖాళ నల్లటి కంటిమీద ఆకుపచ్చ గీత ఒకటి మెరిసింది, గోటితో గీసినట్టు. గీత చివర చిన్న చుక్క.

"పైపొర లేచిపోయిన చోటే ఈ రంగు నిలుస్తుంది. గీత ముల్లుది. ఈ చివర కొంచెం లోతుంది. ఎవరైనా కంటిమీద ఒత్తారా?"

వాసవీకుమారి కొంగు వైపు చూసుకుంది. "నేనే" అంది. "ఒక్కపాలే ఒత్తేను. అరిసింది."

"అరవడమే మంచిదయింది" అంది నీహారిక, ఆవిడ చెయ్యి మీద చెయ్యి వేసి. "మానుతుంది. చుక్కలు జాగ్రత్తగా పడాలంతే. మరి ఎడం కన్ను ఎలా పోయింది?"

ఈ కథ చెప్పడం ఆవిడకు అలవాటే. పిల్లి తగువుతో మొదలుపెట్టి, పదిహేను రోజుల కాపడం, పూటపూటా చుక్కలు, దేవుడికి మొక్కుకున్న కొబ్బరికాయలతో సహా చెప్పింది. "అప్పుడూ ఈ సుక్కలేనమ్మా, ఇదే కంపెనీది. ఎంత సేసినా దక్కలేదు. పిల్లి గోరు ఇసం" అంది.

నీహారిక రాస్తున్న కలం ఆగింది. సీసా తీసుకుని, దాని మీది అక్షరాలు చదివి, కింద పెట్టింది. ఏమీ అనలేదు. అననందుకే వాసవీకుమారికి అనుమానం వచ్చింది. నలభై ఏళ్ళుగా మనుషుల కళ్ళలోకి చూస్తున్న మనిషి, ఎవరు ఏం దాస్తున్నారో ఆవిడకు తెలియకపోదు.

"సెప్పమ్మా. నా దగ్గర దాస్తావేటి?"

"ఎప్పుడో అయిపోయింది కదా పిన్నిగారూ."

"సెప్పు."

నీహారిక కుర్చీ దగ్గరగా జరుపుకుంది. "ఆపరేషన్ అయినవాళ్ళకి వాపు తగ్గడానికి ఇచ్చే చుక్కల్లో స్టెరాయిడ్ ఉంటుంది. బాబాయిగారికి అది మంచి మందే. కానీ కంటిమీద గీత పడినప్పుడు వేస్తే గీత మాననివ్వదు. లోపలికి తినేస్తుంది. మనిషికైనా అంతే, కుక్కకైనా అంతే. పిల్లి దెబ్బ ఎంత లోతో నేను చూడలేదు. దానివల్లే పోయిందేమో కూడా. గట్టిగా చెప్పలేను."

"సుక్కలెయ్యకపోతే ఉండేదేటి కన్ను?"

"ఉండేదేమో."

నీహారిక మందులు రాసి, దెబ్బ తగిలిన కన్ను గోక్కోకుండా మెడకు గరాటులాంటి ప్లాస్టిక్ గొట్టం తగిలించి, రెండు గంటలకోసారి ఏ చుక్క ఎలా వెయ్యాలో చెబుతూనే ఉంది. "టీ తాగుతారా?" అని అడిగింది. ఉపవాసం కదా, ఆవిడ చేత్తోనే వద్దంది. తిరుగు ఆటోలో పఖాళ గొట్టంతో సహా ఆవిడ మీదికి ఒరిగి, ఎడం పక్క ఆవిడ కడుపుకు ఆనించి పడుకుంది. ఆ పోయిన కన్నున్న పక్కే అలా ఆనించింది. ఇంటికి వచ్చేదాకా ఆవిడ ఏడుస్తూనే ఉంది. ఆటోవాడు ఈసారి ప్రతి గతుకు దగ్గరా తనంతట తనే నెమ్మదిగా పోనిచ్చాడు.

ఇంటికి వచ్చి ఆవిడ కొంగు లాగి బొడ్లో దోపి ముడి వేసేసింది. కుక్క దగ్గరికి వెళ్ళనంది. మందు సీసాలు లక్ష్మణరావు చేతిలో పెట్టి, "మీరూ కాసులూ ఎయ్యండి. నా సెయ్యి ఒద్దు" అంది. అరుగుమీదికి కన్ను మూసుకుని ఒకతను వస్తే, "పంపు దగ్గర సల్లటి నీళ్ళతో కడుక్కో, తగ్గకపోతే కళ్ళాస్పత్రికి ఎల్లు" అని తలుపు వేసేసింది. తిట్లు కూడా లేవు. వచ్చినవాడు ఆవిడకు ఒంట్లో బాగాలేదేమోనని సందంతా చెప్పాడు.

వంటింట్లో కూర్చుంది గాని ఆవిడ చెవులన్నీ వరండాలోనే ఉన్నాయి. అక్కడ జరిగింది వైద్యం కాదు, కుస్తీ. గొట్టంలోంచి పఖాళకు ఎదురుగా ఉన్నది తప్ప ఏమీ కనపడదు, ఆ కనపడేది మసక. మూతి ముందుకు సీసా వచ్చేసరికి గుర్రుమంది, గిర్రున తిరిగింది, గొట్టంతో కాసులు మోకాలు వాయించింది. మొదటి చుక్క దాని ముక్కుమీద పడింది. రెండోది కాసులు భుజం మీద. మూడోది లక్ష్మణరావు మీసం మీద. కొత్తగా ఆపరేషన్ అయిన కంటితో ఆయనకు కుక్క కన్ను ఎక్కడుందో, దాని బొచ్చు ఎక్కడుందో తెలియలేదు. మధ్యాహ్నం మూడయ్యేసరికి రెండు మోతాదులు తప్పిపోయాయి.

ఆయన నీహారికకు ఫోను చేశాడు. ఆ మాటలు వాసవీకుమారికీ వినపడ్డాయి. "ఈ రెండు రోజులే ముఖ్యం బాబాయిగారూ. చుక్క పడకపోతే గీత గుంటవుతుంది. గుంట లోతైతే నా చేతిలో ఉండదు."

లక్ష్మణరావు వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. "దానికి నీ సెయ్యే కావాలి వాసవీ" అన్నాడు.

"ఈ సెయ్యే కదండీ ఆ కన్ను తీసింది."

"తీయాలని తీసేవేటి?"

"తీయాలని కాకపోతే మటుకు కన్నొస్తాదేటి?"

ఆయన పక్కకు తప్పుకున్నాడు. ఆయన వెనక నుంచి గొట్టం తలుపుకు ఒకసారీ, గోడకు ఒకసారీ కొట్టుకుంటూ పఖాళ వచ్చింది. వంటింట్లోకి దానికి ఎప్పుడూ ప్రవేశం లేదు, మడి. ఏడేళ్ళలో ఒక్కసారి కూడా ఆ గడప దాటలేదు. ఆ రోజు దాటింది. నేల మీద కూర్చున్న ఆవిడ ఒళ్ళో గొట్టం పెట్టి, వాసన చూసుకుంటూ వెతికి, బొడ్లో దోపిన కొంగు ముడిని మూతితో పొడిచింది. ఒకసారి, రెండుసార్లు. ఏ నొప్పి వచ్చినా ఆ కొంగులోంచి వెచ్చగా ఏదో వస్తుందని దానికి తెలుసు. అంతకంటే ఏం తెలుసు దానికి?

"నన్నేటి అడుగుతావురా" అంది ఆవిడ. "నీ కన్ను తీసినదాన్ని."

అది ఇంకోసారి పొడిచింది.

ఆవిడ ముడి విప్పింది. మడతలు వేసి, ఊది, కంటి దరిదాపుల్లోకి పోనివ్వకుండా గొట్టం అంచు కిందనుంచి చెయ్యి పోనిచ్చి, దవడ కింద మెడ దగ్గర పెట్టింది. పఖాళ పెద్దగా నిట్టూర్చి, ఉన్న బరువంతా ఆ చేతిలో వదిలేసింది.

"సుక్కలిలా ఇవ్వండి" అంది, వెనక్కి తిరగకుండా.

నీహారిక చెప్పినట్టే సీసాను ముందునుంచి కాకుండా, తల వెనక నుంచి తెచ్చింది. బొటనవేలితో పై రెప్పను కొంచెం ఎత్తి, కంటికి తగలనివ్వకుండా పైనుంచి ఒక్క చుక్క వదిలింది. చుక్క సరిగ్గా కంట్లో పడింది. కుక్క రెప్ప వేసింది. అరవలేదు.

ఆ వారం రోజులూ ఆ ఇంట్లో మడి లేదు. ఆవిడ ఎక్కడుంటే కుక్క అక్కడే. రెండు గంటలకోసారి ఊదడం, మెడ కింద కొంగు పెట్టడం, చుక్క వెయ్యడం. రెండు రకాల చుక్కల మధ్య పావుగంట ఆగాలంటే, గడియారం చూస్తూ ఆ పావుగంటా కొంగు ఊదుతూనే కూర్చునేది. "ఊది ఊది నీకు కళ్ళు తిరుగుతాయే" అని లక్ష్మణరావు అంటే, "తిరిగితే తిరుగుతాయి, నాకు రెండున్నాయి" అనేది. నాలుగో రోజుకు గీత సగం అయింది. ఎనిమిదో రోజున నీహారిక నీలం లైటు వేసి చూస్తే ఆకుపచ్చ ఎక్కడా లేదు. చిన్న పొగమచ్చ ఒకటి మిగిలింది, అంతే.

"చూపు ఎలా ఉందో చూద్దాం" అని నీహారిక చిటికెడు దూది తీసి ఆవిడ చేతికిచ్చింది. "దాని ఎదురుగా పైనుంచి వదలండి. దూది పడితే చప్పుడుండదు. తల తిప్పి చూసిందంటే కన్ను పనిచేస్తున్నట్టే."

వాసవీకుమారి దూది వదిలింది. అది తేలుతూ తేలుతూ నేలమీద పడింది. పఖాళ కదల్లేదు. దూది వైపు చూడనే లేదు. ఆవిడ మళ్ళీ వదిలింది. మళ్ళీ అంతే.

"సూడటం లేదమ్మా" అంది.

"మీరు చెప్పుల్లేకుండా, మాట్లాడకుండా, ఆ మూలకి నడవండి" అంది నీహారిక.

ఆవిడ చెప్పులు విప్పి చప్పుడు లేకుండా మూలకు నడిచింది. పఖాళ తల ఆవిడతో పాటే మూలదాకా తిరిగింది. అక్కణ్ణుంచి కిటికీ దగ్గరికి నడిస్తే కిటికీ దాకా తిరిగింది.

"దానికి దూదితో పనేముంది పిన్నిగారూ" అని నీహారిక నవ్వింది. "మిమ్మల్నే చూస్తోంది ఇందాకటినుంచీ."

ఆవిడ కిటికీ దగ్గర నుంచి వచ్చి పఖాళ పక్కన నేలమీద కూర్చుంది.

ఇది జరిగిన పది రోజులకు, అరుగు దగ్గర పూలమ్ముకునే కూర్మమ్మ తన గోధుమరంగు కుక్కను చంకన వేసుకుని వచ్చింది. పొద్దున్న బజారు వేళ. అరుగు చుట్టూ కూలీలు, కాసులు, ఎదుటి కొట్టు గుమాస్తాలు, అందరూ ఉన్నారు. ఆ కుక్క ఒక కన్ను మూసుకుని నీళ్ళు కారుస్తోంది.

"అమ్మా, దీని కంట్లో ఏటో పడింది. నీ సెయ్యి సలవ. ఓపాలి ఊదమ్మా" అంది కూర్మమ్మ. "నీ పఖాళ కన్ను నిలబెట్టినావంట కదా. ఊరంతా సెప్పుకుంటన్నారు."

అవునన్నారు చుట్టూ ఉన్నవాళ్ళు. కాసులు అందరికంటే గట్టిగా అన్నాడు. నలభై ఏళ్ళ పేరు, ఇప్పుడు ఇంకా పెరిగింది. ఏమీ అనకుండా ఊరుకుంటే చాలు, అది అలాగే ఉంటుంది. లక్ష్మణరావు కొట్లోంచి ఆవిడ మొహం వైపు చూశాడు.

"ఈ కన్ను నిలబెట్టింది మేష్టారి మనవరాలు" అంది వాసవీకుమారి, అందరికీ వినపడేలా. "నేను సుక్కలేసేనంతే. ఆ ఎడం కన్ను ఉంది సూడు, అది పిల్లి తీసిందని సెప్పేను కదా మీకందరికీ. పిల్లి ఒక్కటే తీయలేదు. దెబ్బ తగిలిన కంటిమీద ఒత్తి ఒత్తి, మా ఆయన మందేసి, నేను తీసేసేను. తెలీక తీసేసేను. తెలీదన్నా పోయింది పోయిందే. కంటికి దెబ్బ తగిలిందా, ఊదొద్దు, ఒత్తొద్దు, ఇంట్లో మందెయ్యొద్దు. దాన్ని గోక్కోనివ్వకండి, డాక్టరికి సూపించండి."

కూర్మమ్మ కుక్కను ఇంకాస్త దగ్గరికి పొదువుకుంది. "మరి నాకు ఆ డాక్టరమ్మ తెలీదు కదమ్మా" అంది బెరుగ్గా.

"నేనున్నాను కదే. దాని కాళ్ళు పట్టుకో, గోక్కోనీకు. కాసులూ, ఆటో పిలు."

వాసవీకుమారి అరుగు దిగింది. గుమ్మంలో చద్దిగిన్నె నాకుతున్న పఖాళ గిన్నె వదిలేసి లేచింది. ఆవిడ ఎడంవైపు నుంచి వచ్చి, వెనకనుంచి చుట్టు తిరిగి, ఎప్పటిలాగే కుడిపక్కకు చేరింది. చేరి, ఆ పోయిన కన్ను ఉన్న పక్కనే ఆవిడ కాళ్ళకు ఆనించుకుని, ఆవిడ అడుగు వేస్తే తనూ వేద్దామని నిలబడింది.